టికెట్ ఒక కంపెనీది, విమానం ఇంకో కంపెనీది.. మరి పక్కపక్క సీట్లు ఎవరివ్వాలి?

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వైపు నుంచి విమానం ఎక్కేవాళ్లు ఇప్పుడు కొత్తేమీ కాదు. ఉమ్రాకు పోయే పెద్దవాళ్లు, గల్ఫ్‌లో పనిచేసే భర్త దగ్గరికి పిల్లల్ని తీసుకుపోయే ఆడవాళ్లు, సెలవులకు వచ్చి తిరిగి పోయే కుటుంబాలు, అమెరికాలో చదువుకునే పిల్లలు.. ప్రతి వీధిలో ఒకరిద్దరైనా ఉంటారు. వీళ్లలో చాలామంది నేరుగా పోయే విమానం కాకుండా దోహాలోనో, దుబాయ్‌లోనో, అబుదాబిలోనో, మస్కట్‌లోనో మారి పోయే టికెట్ తీసుకుంటారు. కారణం తెలిసిందే. అది కొంచెం చవగ్గా దొరుకుతుంది.

అయితే ఈ కనెక్టింగ్ ప్రయాణాల్లో ఒక చిక్కు ఉంది. మొదటి విమానంలో అందరికీ పక్కపక్కన సీట్లు వస్తాయి. రెండో విమానంలో అమ్మీ ఒక మూల, అబ్బా ఇంకో మూల, ఆరేళ్ల పాప ఎవరో తెలియని ఇద్దరి మధ్యలో. అడిగితే "మీ టికెట్ మేం అమ్మలేదు" అని ఒకరు, "ఆ విమానం మాది కాదు" అని ఇంకొకరు. డబ్బు ముందే కట్టేశాం, సమాధానం మాత్రం ఎవరి దగ్గరా ఉండదు.

ఇది ఒకరిద్దరి దురదృష్టం కాదు. ఎయిర్‌లైన్స్ ఒకదానితో ఒకటి చేసుకున్న ఒప్పందాల్లోనే ఉన్న ఖాళీ ఇది. ఆ ఖాళీలో పడేది మాత్రం ఎప్పుడూ ప్రయాణికుడే.

అసలు ఏం జరుగుతోంది?

మన రూట్‌లో హైదరాబాద్‌కు ప్రైవేటు బస్సు ఎక్కినవాళ్లకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఒక ట్రావెల్స్ ఆఫీసులో టికెట్ కొంటాం. రాత్రి స్టాండు దగ్గరికి వచ్చేది వేరే ట్రావెల్స్ బస్సు. మన చేతిలో ఉన్న సీటు నంబరు చూపిస్తే క్లీనర్ తన చార్ట్ చూసుకుని "ఈ నంబరు మా దాంట్లో వేరేవాళ్లకు ఉంది" అంటాడు. విమానాల్లో జరిగేది కూడా ఇంచుమించు ఇదే. కాకపోతే అక్కడ దీనికి 'కోడ్‌షేర్' అని పెద్ద పేరు ఉంది.

ఒక ఎయిర్‌లైన్స్ నడిపే విమానానికి ఇంకో ఎయిర్‌లైన్స్ తన నంబరు తగిలించి టికెట్లు అమ్ముకోవడమే కోడ్‌షేర్. మన హైదరాబాద్‌తో ముడిపడిన ఉదాహరణే ఉంది. 2019 నవంబరులో ఖతర్ ఎయిర్‌వేస్, ఇండిగో ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం దోహా నుంచి ఢిల్లీ, ముంబై, హైదరాబాద్ మధ్య ఇండిగో నడిపే విమానాలకు ఖతర్ తన నంబరు పెట్టుకునే వీలు వచ్చింది. అంటే టికెట్ మీద ఖతర్ పేరు చూసి కొన్నా, శంషాబాద్‌లో ఎక్కేది ఇండిగో విమానం కావచ్చు. అలాగే ఎమిరేట్స్, ఫ్లైదుబాయ్ మధ్య 2017లో భాగస్వామ్యం మొదలైంది. ఈ ఒప్పందాల వల్ల మనకు లాభం లేదని కాదు. ఒకే టికెట్‌తో ఎక్కువ ఊళ్లకు పోవచ్చు, లగేజీ చాలాసార్లు నేరుగా చివరి ఊరికే చేరుతుంది, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే వేరే విమానంలో పంపే బాధ్యత ఎయిర్‌లైన్స్ మీదే ఉంటుంది.

కానీ సీటు దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. ప్రతి ఎయిర్‌లైన్స్‌కూ తన సొంత కంప్యూటర్ వ్యవస్థ ఉంటుంది. ఖతర్ వాడేది అమెడియస్ సంస్థ వ్యవస్థ, ఇండిగో వాడేది నావిటైర్ అనే ఇంకో వ్యవస్థ. టికెట్ అమ్మినవాళ్ల వ్యవస్థలో ఒక పీఎన్‌ఆర్ పుడుతుంది, విమానం నడిపేవాళ్ల వ్యవస్థలో ఇంకో పీఎన్‌ఆర్ పుడుతుంది. పేరు, తేదీ, టికెట్ నంబరు ఒక చోటి నుంచి ఇంకో చోటికి సరిగ్గానే చేరతాయి. కానీ మనం ఎంచుకున్న సీటు అలా చేరుతుందన్న నమ్మకం లేదు. చాలాసార్లు అది 'సీటు ఇవ్వగలరా' అన్న విన్నపంగానే అవతలికి పోతుంది. ఇవ్వాలా వద్దా అన్నది విమానం నడిపే సంస్థ ఇష్టం.

సూటిగా చెప్పాలంటే, టికెట్ మీద ఎవరి పేరున్నా సీటు మాత్రం విమానం ఎవరిదైతే వాళ్ల చేతిలోనే ఉంటుంది.

మన ఊరివాళ్లకే ఎందుకు ఎక్కువ కష్టం?

హైదరాబాద్‌లో ఉండేవాళ్లు ఇబ్బంది వస్తే ఎయిర్‌లైన్స్ ఆఫీసుకు పోగలరు. మనకు ఆ వీలు లేదు. మార్కాపురం నుంచి శంషాబాద్ అంటే సాగర్ మీదుగా పోయినా, గిద్దలూరు నుంచి నంద్యాల, కర్నూలు మీదుగా పోయినా ఒక రాత్రి ప్రయాణం. శ్రీశైలం అడవి దారిలో రాత్రిపూట వాహనాలను వదలరు. అందుకే మనవాళ్లు ఎయిర్‌పోర్టులో అడుగుపెట్టేదే చెక్ఇన్ సమయానికి. అప్పటికి మంచి సీట్లన్నీ అయిపోయి ఉంటాయి. కౌంటర్ దగ్గర అడగడం అనేది మనకు ఆఖరి అవకాశం, పైగా అప్పటికే ఆలస్యమైన అవకాశం.

రెండోది, టికెట్ మన చేతికి వచ్చే దారి. ఊళ్లో ఏజెంటు, ఆయనకు పైన హైదరాబాద్‌లో ఇంకో పెద్ద ఏజెంటు, ఆ పైన ఎయిర్‌లైన్స్. ఉమ్రా గ్రూపులైతే సీట్లు మొత్తంగా ముందే కొని పెట్టుకుని, పేర్లు తర్వాత ఎక్కిస్తారు. వాట్సాప్‌లో మనకు వచ్చే పీడీఎఫ్‌లో ఉండేది ఒక్క పీఎన్‌ఆరే. రెండోది ఉందని చెప్పేవాళ్లే ఉండరు.

మూడోది, డబ్బు. నలుగురున్న కుటుంబం, పోను రెండు విమానాలు, రాను రెండు విమానాలు. అంటే 16 సీట్లు. ఒక్కో సీటుకు వెయ్యి రూపాయలు అనుకున్నా 16 వేలు. చవగ్గా వస్తుందని కనెక్టింగ్ టికెట్ కొన్న కుటుంబానికి ఆ చవకంతా సీట్ల డబ్బుకే సరిపోతుంది. కట్టిన తర్వాత కూడా సీటు దక్కకపోతే అది రెండు విధాల నష్టం.

డబ్బు కంటే పెద్ద విషయం ఇంకోటి ఉంది. జీవితంలో మొదటిసారి విమానం ఎక్కే నానీ, తెలుగు, ఉర్దూ తప్ప ఇంకో భాష రాదు. దోహా నుంచి జిద్దా పోయే విమానంలో మీఖాత్ దగ్గరపడుతోందని సాధారణంగా అరబీలో, ఇంగ్లిష్‌లో చెబుతారు. ఇహ్రాం నియ్యత్ చేయాల్సిన ఆ సమయానికి పక్కన తన మనిషి లేకపోతే ఆమె ఎవర్ని అడగాలి? ఒంటరిగా పిల్లలతో పోయే తల్లికి ఒక బిడ్డ ఒడిలో, ఇంకో బిడ్డ పది వరసల వెనక. తెలియని ఇద్దరు మగవాళ్ల మధ్య సీటు వచ్చిన ఆడపిల్ల మార్చమని అడగడానికి కూడా మొహమాటపడి, నాలుగు గంటలు ముడుచుకుని కూర్చుంటుంది. ఎయిర్‌లైన్స్ లెక్కలో ఇది 'ఇష్టమైన సీటు', అదనపు సౌకర్యం. మన కుటుంబాలకు ఇది సౌకర్యం కాదు, అవసరం.

నిబంధన ఉంది.. కానీ సగమే

2024 ఏప్రిల్‌లో డీజీసీఏ ఒక మంచి ఆదేశం ఇచ్చింది. 12 ఏళ్ల లోపు పిల్లలకు, అదే పీఎన్‌ఆర్‌లో ప్రయాణిస్తున్న తల్లిదండ్రుల్లో లేదా సంరక్షకుల్లో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలి, దానికి రికార్డు కూడా ఉంచాలి అని ఎయిర్‌లైన్స్‌కు చెప్పింది. సీటు ఎంపిక లాంటి అదనపు సేవలు కోరుకున్నవాళ్లు కొనుక్కోవడానికే తప్ప తప్పనిసరి కాదని కూడా అదే సర్క్యులర్‌లో ఉంది. సీటు కొనని వాళ్లకు ఆటోమేటిక్‌గా సీటు కేటాయించే ఏర్పాటు ఉండాలని కూడా ఉంది. అంటే వెబ్ చెక్ఇన్‌లో అన్ని సీట్లకూ రేట్లు కనిపించినంత మాత్రాన డబ్బు కట్టే తీరాలని భయపడక్కర్లేదు.

మరి లోటు ఎక్కడ? మొదటిది, 'అదే పీఎన్‌ఆర్' అన్న మాట. తక్కువ రేటు టికెట్లు రెండే మిగిలితే ఏజెంటు ఏం చేస్తాడు? ఇద్దరికి ఒక పీఎన్‌ఆర్, మిగతా ఇద్దరికి ఇంకో పీఎన్‌ఆర్ చేస్తాడు. కాగితం మీద ఆ కుటుంబం అప్పుడే రెండు ముక్కలైంది. తండ్రి ఒక పీఎన్‌ఆర్‌లో, బిడ్డ ఇంకో పీఎన్‌ఆర్‌లో ఉంటే ఈ నిబంధన ఆ తండ్రి పేరు మీద పనిచేయదు.

రెండోది, ఇది మన దేశ ఎయిర్‌లైన్స్‌ను దృష్టిలో పెట్టుకుని ఇచ్చిన ఆదేశం. దోహాలోనో అబుదాబిలోనో ఎక్కే రెండో విమానం విదేశీ సంస్థది అయితే అక్కడ వాళ్ల పద్ధతి వాళ్లది. మూడోది, 12 ఏళ్లు దాటిన ఆడపిల్లకు, 70 ఏళ్ల దాదీకి ఇందులో చోటు లేదు.

లగేజీ పోతేనో, ఆలస్యం వల్ల నష్టం జరిగితేనో పరిస్థితి వేరు. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 2009లో చేరింది. టికెట్ అమ్మిన సంస్థ, విమానం నడిపిన సంస్థ వేరువేరు అయినప్పుడు ఇద్దరిలో ఎవరి మీదైనా దావా వేసే హక్కు అందులో ఉంది. ఒకరి మీద ఒకరు నెట్టుకోవడానికి కుదరదు. మరి లగేజీకి ఉన్న ఈ న్యాయం డబ్బు కట్టి కొన్న సీటుకు ఎందుకు ఉండకూడదు? ఇదే అసలు ప్రశ్న.

బయటి దేశాలు కొంత ముందుకు పోయాయి. విమానం నడిపేది ఎవరో ప్రయాణికుడికి ముందే చెప్పాలని యూరప్‌లో 2005లోనే చట్టం చేశారు. అమెరికాలో రవాణా శాఖ 2023 మార్చిలో ఒక పట్టిక పెట్టింది. చిన్న పిల్లలను తల్లిదండ్రుల పక్కన అదనపు డబ్బు లేకుండా కూర్చోబెడతామని ఏ ఎయిర్‌లైన్స్ హామీ ఇచ్చింది, ఏది ఇవ్వలేదు అన్నది అందరికీ కనిపించేలా. గల్ఫ్‌కు విమానాలు నడిపే సంస్థలతో ఇలాంటి పట్టిక మన దగ్గర పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

అవతలివాళ్ల మాట కూడా వినాలి

ఎయిర్‌లైన్స్ చెప్పేదాంట్లో పూర్తిగా అబద్ధం లేదు. ఆఖరి నిమిషంలో విమానమే మారిపోవచ్చు, అప్పుడు వరసలు, నంబర్లు అన్నీ మారతాయి. ఎమర్జెన్సీ ద్వారం పక్క సీట్లు పిల్లలకు, పెద్దవాళ్లకు ఇవ్వకూడదు. సీటు, భోజనం, లగేజీ విడివిడిగా అమ్మడం వల్లే మొదటి రేటు తక్కువ ఉంటోందన్నది వాళ్ల వాదన. ఊళ్లో ఏజెంటుకు కూడా మిగిలేది పెద్దగా ఉండదు, పైవాళ్లు చెప్పనిది ఆయన మనకు చెప్పలేడు.

ఇవన్నీ ఒప్పుకుందాం. కానీ కామర్స్ చదివిన కళ్లతో చూస్తే లెక్క చాలా చిన్నది. ఆదాయం ఎవరి ఖాతాలో పడుతుందో బాధ్యత కూడా ఆ ఖాతాలోనే రాయాలి. సీటు పేరు చెప్పి డబ్బు తీసుకున్న సంస్థే ఆ సీటు ఇప్పించాలి, ఇప్పించలేకపోతే అడగకుండానే తిరిగి ఇచ్చేయాలి. అవతలి సంస్థతో లెక్క తేల్చుకోవడం వాళ్లిద్దరి పని. మార్కాపురం నుంచి బస్సెక్కి వచ్చిన కుటుంబం పని కాదు.

దీనికి పెద్ద చట్టం కూడా అక్కర్లేదు. డీజీసీఏ 2024 ఆదేశానికి మూడు మాటలు చేర్చితే చాలు. ఇండియాలో అమ్మే ప్రతి కనెక్టింగ్ టికెట్ మీద, విమానం నడిపే సంస్థ పీఎన్‌ఆర్ కూడా తప్పనిసరిగా అచ్చు వేయాలి. పిల్లల నిబంధన ఇక్కడ కొన్న టికెట్‌లోని అన్ని విమానాలకూ వర్తించాలి. ఒకే కుటుంబాన్ని వేరువేరు పీఎన్‌ఆర్‌లలో వేస్తే ఏజెంటు ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి.

అంతవరకు మనం చేయగలిగింది

*డబ్బు కట్టకముందే రెండు ప్రశ్నలు.* "మా కుటుంబమంతా ఒకే పీఎన్‌ఆర్‌లో ఉన్నామా? ఏ విమానం ఎవరు నడుపుతున్నారు?" ఏజెంటును ఈ రెండూ అడగండి. ఒకే పీఎన్‌ఆర్ కుదరదంటే కనీసం ప్రతి బిడ్డ ఎవరో ఒక పెద్దమనిషితో ఒకే పీఎన్‌ఆర్‌లో ఉండేలా చేయించండి. రెండు పీఎన్‌ఆర్‌లను లింక్ చేయమని ఎయిర్‌లైన్స్‌కు చెప్పించండి.

*టికెట్ రాగానే కాగితం చదవండి.* విమానం నంబరు కింద చిన్న అక్షరాల్లో 'ఆపరేటెడ్ బై' అని ఉంటుంది. ఆ పేరే సీటు ఇచ్చే పేరు. టికెట్ నంబరు 13 అంకెలు ఉంటుంది. మొదటి మూడు అంకెలు టికెట్ ఎవరు జారీ చేశారో చెబుతాయి. 157 అయితే ఖతర్, 176 ఎమిరేట్స్, 607 ఎతిహాద్, 065 సౌదియా, 098 ఎయిర్ ఇండియా, 312 ఇండిగో. ఆ అంకెలకూ 'ఆపరేటెడ్ బై' పేరుకూ పొంతన లేకపోతే మీది ఇద్దరు కలిసి చేసిన వ్యవహారం అని అర్థం.

*రెండో పీఎన్‌ఆర్ అడిగి తీసుకోండి.* ఏజెంటు ఇవ్వకపోతే టికెట్ అమ్మిన ఎయిర్‌లైన్స్ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే చెబుతారు. దాంతో విమానం నడిపే సంస్థ వెబ్‌సైట్‌లోకి పోయి సీటు అక్కడే ఎంచుకోండి. డబ్బు కట్టాల్సి వస్తే సీటు నంబరు ఖాయమైనట్టు చూపించే చోటే కట్టండి. రసీదు, స్క్రీన్‌షాట్ దాచుకోండి.

*రెండు టికెట్లు అతికించారేమో చూసుకోండి.* చవగ్గా ఉందని కొందరు హైదరాబాద్–దుబాయ్ ఒక టికెట్, దుబాయ్–జిద్దా ఇంకో టికెట్ విడిగా కొని ఇస్తారు. అది భాగస్వామ్యం కాదు, రెండు వేరే ప్రయాణాలు. మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే ఎవరూ పూచీ పడరు. మధ్యలో లగేజీ తీసుకుని మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు, దానికి ఆ దేశం వీసా కూడా కావాల్సి రావచ్చు. పిల్లలతో, పెద్దవాళ్లతో ఇలాంటి టికెట్ వద్దు.

*చెక్ఇన్ తెరిచే సమయం గుర్తుపెట్టుకోండి.* ఎక్కువ సంస్థలు 48 గంటల ముందు, కొన్ని 24 గంటల ముందు ఆన్‌లైన్ చెక్ఇన్ తెరుస్తాయి. డబ్బు లేకుండా సీట్లు దొరికే అవకాశం అప్పుడే ఎక్కువ. ఊళ్లోనే, బస్సు ఎక్కకముందే ఆ పని అయిపోవాలి.

*శంషాబాద్ కౌంటర్‌లో రెండు బోర్డింగ్ పాసులూ అడగండి.* రెండోదాని మీద సీటు నంబరు లేకపోతే మధ్యలో దిగగానే నేరుగా ట్రాన్స్‌ఫర్ డెస్క్ దగ్గరికి పోండి. గేటు దగ్గర ఆఖరి నిమిషందాకా ఆగొద్దు. వీల్‌చైర్, చంటిబిడ్డ ఊయల కావాలంటే రెండు ఎయిర్‌లైన్స్‌కూ విడివిడిగా ముందే చెప్పించండి.

ఉమ్రా గ్రూపులు నడిపేవాళ్లకు ఒక మాట. మక్కా, మదీనా హోటళ్లలో ఎవరితో ఎవరుండాలో గదుల జాబితా మీరు ముందే రాస్తారు. భార్యాభర్తలు కలిసి, ఒంటరి ఆడవాళ్లు కలిసి, నడవలేనివాళ్లు తమ మనిషితో. అదే జాబితాను టికెట్ ఇచ్చే పెద్ద ఏజెంటుకు కూడా పంపి, విమానంలో సీట్లు కూడా అలాగే వేయించమని అడగండి. అడిగినవన్నీ దక్కకపోవచ్చు. అడగకపోతే మాత్రం కంప్యూటర్ తన ఇష్టమొచ్చినట్టు వేస్తుంది.

మోసపోతే ఊరుకోవద్దు

సీటుకు డబ్బు కట్టి సీటు దక్కకపోతే ముందు టికెట్ అమ్మిన సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. జవాబు రాకపోతే పౌర విమానయాన శాఖ 'ఎయిర్‌సేవ'లో పెట్టండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అదీ కాకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. చాలామందికి తెలియని సంగతి ఏంటంటే, 2019 చట్టం ప్రకారం కేసు మనం ఉండే చోటే వేయొచ్చు. కంపెనీ ఆఫీసు ఢిల్లీలో ఉన్నా, గురుగ్రామ్‌లో ఉన్నా మనం అక్కడికి పోనక్కర్లేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయొచ్చు.

రెండు వేల రూపాయల సీటు కోసం కేసా అని నవ్వేవాళ్లు ఉంటారు. ఒక్కొక్కరం రెండు వేలేగా అని వదిలేస్తున్నాం కాబట్టే ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. ఒక్క ఊరి నుంచి పది ఫిర్యాదులు రాతలో పోతే అది పదిమంది గొణుగుడు కాదు, ఒక సమస్యగా రికార్డులోకి ఎక్కుతుంది. ఈసారి మీ ఇంట్లోవాళ్లకు టికెట్ తీస్తున్నప్పుడు రేటు అడిగే ముందు పీఎన్‌ఆర్‌లు ఎన్ని అని అడగండి.